నత్తలను హరించు నులిపురుగు

నులిపురుగు అన్న మాట వినబడగానే తెలుగువాని మనస్సునకు ముందుగా తట్టునది రోగమే. పసిబిడ్డల ప్రేవులలో చేరి రాత్రివేళ నిద్ర పట్టనీయని పురుగు, దిగుడుబావి నీటితో దేహమున ప్రవేశించి కాలినుండి దారపుపోగువలె వెలువడుచు పూర్వము ఎందరినో మంచమున పడవేసిన నారికురుపు పురుగు, బోదకాలునకు మూలమైన సూక్ష్మక్రిమి, వంగ టమాటా మొక్కల వేళ్ళపై బుడిపెలు పుట్టించి మొక్కను గిడసబార్చు వేరుబుడిపె నులిపురుగు, ఇవి యన్నియు ఒకే మహావర్గమునకు చెందినవి. ఇంతటి అపకీర్తిని మోసిన ఆ వర్గముననే జన్మించి, కాయగూరల తోటలను తినివేయు గుల్లలేని నత్తల దేహములలో దూరి వానిని చంపుచు, ఐరోపా ఖండమున 1994 మొదలు తోటమాలికి తోడైయున్న జాతి యొకటి కలదు. దాని శాస్త్రీయనామము ఫాస్మరాబ్డైటిస్ హెర్మఫ్రొడైటా. నత్తపై దాడి చేయు దశలో దాని పొడవు సుమారు ఒక మిల్లీమీటరు. వెడల్పు వెండ్రుకవాసికన్నను తక్కువ. అంగడిలో పొట్లముగా అమ్ముడుపోవుచున్నందున పలువురు దానిని మందుగా భావింతురు గాని, అది ఆకలిదప్పులు గల ప్రాణి. దాని శక్తియు, దాని పరిమితులును ఆ ప్రాణత్వమునుండియే పుట్టినవని గుర్తించిననాడే దాని చరిత్ర మనకు చక్కగా బోధపడును.

గుల్లలేని నత్తను ఇంగ్లీషువారు స్లగ్గు అందురు. వానకాలపు రాత్రులందు మన పెరటిగోడల మొదళ్ళయందు జిగురుచార వదలుచు పాకు నల్లని తోలువంటి ప్రాణి ఈ కోవలోనిదే. మన యెండలు ఏడాదిలో ఎక్కువ నెలలు దానిని అణచియుంచును. ఇంగ్లండు, ఐర్లండు, హాలండు, ఉత్తర ఫ్రాన్సు మొదలైన దేశములలో సంగతి వేరు. అచ్చట ఏడాది పొడవునను నేల తేమగా నుండును. వేసవియు చల్లగానే గడచును. శీతకాలమున మంచు కరగిన ప్రతి రాత్రియు స్లగ్గు మేతకు వెలువడును. అచ్చటి జాతులలో మిక్కిలి హాని చేయునది బూడిదరంగు పొలపు స్లగ్గు; శాస్త్రజ్ఞులు దానిని డెరోసెరాస్ రెటిక్యులేటమ్ అందురు. నాలుగైదు సెంటీమీటర్లకు మించని యీ జీవి, ముట్టుకొన్నంతనే పాలవంటి తెల్లని జిగురును స్రవించును. తన జీవితకాలమున వందలకొలది గ్రుడ్లను, ముత్యపు పూసలవంటివానిని, మట్టిగడ్డల సందులలో గుంపులు గుంపులుగా పెట్టును. గోధుమ చల్లిన చేనిలో అది మట్టిలోనికి దిగి, గింజలో మొలక పుట్టు చోటనే ముందుగా కొరికి, లోపలి పిండినంతయు తినివేసి, పైపొట్టును మాత్రము విడిచిపెట్టును. అందుచే రైతు మొలకలకై ఎదురుచూచిన చోట వట్టి నేల కనబడును. బంగాళాదుంపను తొలుచు స్లగ్గుల పని మరియు మాయగా నుండును: పైతోలుపై పెసరగింజంత రంధ్రము మాత్రమే కనబడును, కోసి చూచిన లోపల గుహ. లెట్యూసు, క్యాబేజీ వంటి ఆకుకూరలకు మరియొక చిక్కు కలదు. ఆకును కొరుకకపోయినను, మడతల నడుమ ఒక్క స్లగ్గు దాగియున్న చాలును, ఆ సరకును పెద్ద దుకాణములవారు వెనుకకు త్రిప్పి పంపుదురు.

దీనిని ఎదుర్కొనుటకు పాశ్చాత్య కృషీవలుడు చేయని ప్రయత్నము లేదు. లాంతరు పట్టుకొని రాత్రివేళ చేతితో ఏరివేయుట, ఉప్పు చల్లుట, బూడిద గీతలు గీయుట, పాతిన గిన్నెలో బీరు పోసి అందులో మునిగి చచ్చునట్లు చేయుట మొదలగునవి పెరటితోటలకు సరిపడును గాని ఎకరముల లెక్కకు చాలవు. 1930ల ప్రాంతమున, ప్రయాణములలో పొయ్యి వెలిగించుటకు వాడుచుండిన మెటాల్డిహైడు అను ఘన ఇంధనపు బిళ్ళలు నత్తలను చంపునని కనుగొనబడినది. తవుడుతోను పిండితోను కలిపి గుళికలుగా చేసిన ఆ విషము తరువాతి కాలమున లోకమంతటను వ్యాపించినది. అయితే ఆ గుళికలను తిన్న కుక్కలు మరణించెను. ముళ్ళపందులకును పక్షులకును అది అపాయకరమయ్యెను. అంతకన్న పెద్ద చిక్కు నీటియందు తలయెత్తినది. వానకు కరగి వాగులలో చేరిన మెటాల్డిహైడును బొగ్గు వడపోతలు పట్టి నిలుపజాలకపోవుటచే, లీటరునకు 0.1 మైక్రోగ్రాము మించరాదను ఐరోపా కట్టుబాటును అది దాటి త్రాగునీటి మూలములలో కనబడుచు వచ్చెను. తుదకు గ్రేట్ బ్రిటనులో 2022 మార్చి 31 తరువాత ఆరుబయట దాని వాడుక నిషిద్ధమయినది. ఆ నిషేధమునకు ఇరువదియెనిమిది సంవత్సరములు ముందుగానే నులిపురుగు అంగడికి వచ్చియుండుట గమనింపదగినది. విషము చౌకగా దొరకుచున్నంతకాలము ప్రాణముగల సహాయకుని విలువను పొలము గలవారు పెద్దగా పట్టించుకొనలేదు.

ఈ క్రిమిని మొదట వర్ణించినవాడు జర్మను జంతుశాస్త్రజ్ఞుడు ఆంటన్ ష్నైడర్. 1859లో ఆయన ఆరియాన్ ఏటర్ అను నల్లని పెద్ద స్లగ్గు దేహములో దీని పిల్లదశను కనుగొని, స్లగ్గు చచ్చి కుళ్ళునపుడు ఆ పిల్లలు పెద్దవై సంతానము పొందుచున్నవని తెలిపెను. తరువాత 1900లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఎమీల్ మోపా నార్మండీలోని స్లగ్గుల ప్రేవులనుండి వీనిని తీసి, కుళ్ళుచున్న మాంసముపై పెంచి, వీని సంతానవిధానమును పరిశీలించెను. వీనిలో మగపురుగులు మిక్కిలి అరుదనియు, ప్రతి పురుగును మొదట పుంబీజములను, పిదప అండములను తన దేహముననే సిద్ధము చేసికొని, పరసహాయము లేకయే సంతానవతి యగుననియు ఆయన నిర్ణయించెను. జాతినామమునందలి 'హెర్మఫ్రొడైటా' అను మాటకు ఉభయలింగి యని యర్థము. అర్ధనారీశ్వర మూర్తిని గుడిగోడలపై చూచి యెరిగిన మనకు ఆ భావము క్రొత్తగాదు. కాకతాళీయమేమన, నేడు ప్రపంచమందలి అనేక జీవశాస్త్ర ప్రయోగశాలలలో పెంచబడుచున్న సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్ అను ప్రసిద్ధ నులిపురుగునకు పేరు పెట్టినదియు ఈ మోపాయే, అదియు ఆ 1900 సంవత్సరముననే. ఆ రెండును దగ్గరి చుట్టములు. ఒకటి శాస్త్రవేత్తల బల్లలపైకెక్కి నోబెలు బహుమానములను తెచ్చిపెట్టగా, రెండవది మరి తొంబది సంవత్సరములు దాదాపు మరుగుననే యుండిపోయెను. నడుమ 1976లో హంగరీ దేశీయుడు ఇష్ట్వాన్ ఆంద్రాషి దీనికి ఫాస్మరాబ్డైటిస్ అను ప్రత్యేక ప్రజాతిని ఏర్పరచెను.

దీనిని తోటపనికి నియోగింపవచ్చునని తేల్చినది ఇంగ్లండులో బ్రిస్టలు నగరము చెంతనున్న లాంగ్ ఆష్టన్ పరిశోధనాలయము. 1903లో ఆపిలు మద్యమును బాగుచేయుటకై స్థాపింపబడిన ఆ సంస్థ క్రమముగా వ్యవసాయశాస్త్రమున గొప్ప పేరు గడించి, 2003లో మూతబడినది. అచ్చట 1980ల చివరినుండి మైకేల్ విల్సన్, డేవిడ్ గ్లెన్ మొదలైనవారు వీపు ఉబ్బి చచ్చుచున్న స్లగ్గులలో నుండి ఈ పురుగును వేరుచేసి, దానికి గల మారకశక్తిని పరీక్షించి, 1993లో తమ ఫలితములను ప్రకటించిరి. మరుసటి యేడు, అనగా 1994లో, మైక్రోబయో అను సంస్థ దానిని 'నీమాస్లగ్' అను పేరుతో అంగడిలో పెట్టినది. ఆ సంస్థ పిదప బెకర్ అండర్‌వుడ్ చేతికిని, 2012లో బీఏఎస్ఎఫ్ చేతికిని మారినది.

ఇక ఈ క్రిమి జీవితక్రమము. నేలలో నత్తకై ఎదురుచూచు దశను జర్మనుభాషనుండి వచ్చిన మాటతో 'డౌవర్' పిల్ల యందురు. చిరకాలము నిలుచునది యని దాని భావము. అది ఏమియు తినదు. పైన ఒక తోలుపొర కప్పుకొని, నోరు మూసికొని, దేహమున దాచుకొన్న క్రొవ్వునే ఖర్చుపెట్టుకొనుచు, మట్టిరేణువుల నడుమ నుండు పలుచని నీటిపొరలో ఈదులాడుచుండును. ఆ నీటిపొరయే దానికి మార్గము. మట్టి ఎండిన దారి తెగిపోవును. ఎముకలు గాని, గుండె గాని, రక్తనాళములు గాని లేని యీ దేహము లోపలి ద్రవపు ఒత్తిడిచేతనే బిగువుగా నిలిచి, ప్రక్కలకు మెలికలు తిరుగుచు సాగును. తోకచెంత రెండు సూక్ష్మమైన ఇంద్రియరంధ్రములు కలవు; 'ఫాస్మిడ్' అను ఆ రంధ్రములనుబట్టియే ప్రజాతినామము ఏర్పడినది. స్లగ్గు వదలిన జిగురును, దాని మలమును వాసనచే గుర్తించి ఆ దిక్కునకు కదలుట దీని స్వభావము.

స్లగ్గు వీపు ముందుభాగమున జీనువలె కప్పియుండు మెత్తని కవచమును ప్రావారమందురు. దాని క్రింద చిన్న గది కలదు. ఆ గదిలో, పూర్వము ఈ జీవి వంశకర్తలు మోసిన గుల్లకు గుర్తుగా, గోరంతటి సున్నపు పలుక మిగిలియుండును. ప్రావారము వెనుక అంచునుండి ఆ గదిలోనికి పోవు సన్నని దారిని పట్టుకొని డౌవర్ పిల్ల లోనికి ప్రవేశించును. పూర్వులు ఇల్లుగా మోసిన గుల్ల కరగి పలుకయై మిగిలిన చోటనే శత్రువు కాపురము పెట్టుట విచారింపదగిన విషయము. లోపల చేరిన పిల్ల తోలుపొరను విడిచి, నోరు తెరచి, బాక్టీరియాలను మేయుట కారంభించి, రెండు మిల్లీమీటర్ల పెద్దపురుగై, ఒక్కొక్కటి 250 మొదలు 300 వరకు సంతానమును పొందును.

వ్యాధి సోకిన స్లగ్గును గాజుపెట్టెలో నుంచి దినదినమును చూచినచో క్రమము చక్కగా తెలియును. తొలి ఒకటి రెండు దినములు పైకి మార్పు కనబడదు. పిదప మేత తగ్గును. ముందుంచిన లెట్యూసు ఆకు అంచున నాలుగు గాట్లు పెట్టి విడిచివేయును. ఇది తోటమాలికి అన్నిటికన్న ముఖ్యమైన ఘట్టము, ఏలయన స్లగ్గు చచ్చుటకు ముందే పంటకు రక్షణ మొదలగుచున్నది. తరువాత ప్రావారము వెనుకసగము పొంగి, కురుపువలె ఉబ్బి, మెరయును; ఆ పొంగినచోట చర్మము పలుచబడగా కటకము క్రింద లోపల మెలికలు తిరుగు తెల్లని నూలుపోగులు కనబడును. కొన్నిసార్లు ఉబ్బు పగిలి లోపలి సున్నపు పలుక బయటపడును. ఉష్ణోగ్రతను బట్టి, సోకిన పురుగుల సంఖ్యను బట్టి, నాలుగు దినములు మొదలు మూడు వారములలో స్లగ్గు మరణించును. ఆరుబయట నైనచో, వ్యాధి ముదిరిన స్లగ్గు తరచుగా మట్టిలోనికి దిగి అచ్చటనే చచ్చును. అందుచే తోటలో శవములు కనబడవు. పురుగులను చల్లినను ఫలితము కానరాలేదని వాపోవు కొనుగోలుదారులు కలరు. నేలపై చచ్చిన స్లగ్గులను లెక్కింపదలచువారు ఈ విషయమును మరువరాదు, ఆకులపై క్రొత్త గాట్లు తగ్గినవా లేవా యని చూడవలయును. శవము కుళ్ళుచుండగా పురుగులు దానినంతయు ఆక్రమించి, మేత తరిగిన తరువాత మరల డౌవర్ పిల్లలై వేలకొలది మట్టిలో వ్యాపించును.

స్లగ్గును చంపునది పురుగా, దాని వెంట వచ్చు బాక్టీరియాయా అను ప్రశ్నపై పండితులలో చాలకాలముగా వాదోపవాదములు కలవు. కీటకములను చంపు నులిపురుగుల విషయమున సమాధానము నిశ్చితము. స్టైనర్నీమా, హెటరోరాబ్డైటిస్ అను ఆ ప్రజాతులు తమ ప్రేవులలో తమకే ప్రత్యేకమైన బాక్టీరియాను మోసికొనిపోయి, కీటకపు రక్తములోనికి వదలి, ఒకటి రెండు దినములలో దానిని చంపించును. ఆ రెండు ప్రాణుల పొత్తు తరతరములుగా విడివడనిది. ఫాస్మరాబ్డైటిస్‌కు అట్టి ఏకపత్నీవ్రతము లేదు. కర్మాగారమున పెంచుటకు లాంగ్ ఆష్టన్ వారు అనేక బాక్టీరియాలను పరీక్షించి మొరాక్సెల్లా ఆస్లోయెన్సిస్ అను దానిని ఎన్నుకొనిరి. ఏలయన, దానిపై పురుగు బాగుగా పెరుగును, పెరిగిన పురుగునకు చంపుశక్తియు కుదిరియుండును. ఆ బాక్టీరియాను స్లగ్గు ప్రావారమున సూదితో ఎక్కించినచో దాని గోడలోని విషపదార్థమువలన స్లగ్గు మరణించునని 2001 ప్రాంతమున అమెరికాలో టాన్, గ్రేవాల్ అను పరిశోధకులు చూపిరి. కాని నేలలోనుండి పట్టిన పురుగులలో ఈ బాక్టీరియా నియతముగా కానరాదు; అవి పలురకముల బాక్టీరియాలను మేయుచు బ్రదుకుచున్నవి. చచ్చిన వానపాములపైనను, కుళ్ళిన ఆకులపైనను, స్లగ్గు మలముపైనను సైతము ఇది జీవింపగలదు. కావున దీనిని కేవల పరాన్నజీవి యనుటకన్న, శవమునకై కాచుకొనియుండి కొన్ని జాతుల విషయమున ఆ శవమును తానే కల్పించుకొను జీవి యనుట సత్యమునకు దగ్గరగా నుండునని ఈ వ్యాసకర్త యభిప్రాయము.

వీని ఉత్పత్తి పాలను తోడుపెట్టుటవంటి నిదానపు పని. వేలకొలది లీటర్లు పట్టు ఉక్కుతొట్లలో పోషకద్రవమును నింపి, ముందుగా బాక్టీరియాను, పిదప పురుగులను విడిచి, గాలి నూదుచు కలియబెట్టుచుందురు. అన్నియు డౌవర్ దశకు వచ్చిన తరువాత వడగట్టి, కడిగి, బంకమట్టి వంటి నిరపాయపదార్థముతో కలిపి ముద్దగా చేయుదురు. ఆ ముద్ద పొట్లములకు చేరి, శీతలపెట్టెలలో, సుమారు 5 డిగ్రీల చల్లదనమున, కొద్ది వారములు మాత్రమే నిలువయుండును. గడ్డకట్టిన చచ్చును, వెచ్చబడిన నిలువక్రొవ్వు ఖర్చయి నీరసించును. ఇంటితోటల కమ్ము చిన్న పొట్లములో 1 కోటి 20 లక్షల పురుగులుండును. అది 40 చదరపు మీటర్ల నేలకు చాలును. అనగా చదరపు మీటరునకు 3 లక్షలు. హెక్టారు లెక్కకు 300 కోట్లు. అరచేతిలో పట్టు లేతగోధుమరంగు ముద్ద ఒక గ్రామ జనాభాను గాదు, ఒక రాష్ట్ర జనాభాను మించిన ప్రాణికోటి కావచ్చునన్నమాట.

చల్లు విధానమున శ్రద్ధ వలయును. ముద్దను నీటిలో కలిపి, అడుగున దిగకుండ కలియద్రిప్పుచు, పెద్దరంధ్రముల జల్లెడమూతి గల నీటిడబ్బాతో నేలపై పోయవలయును. పిచికారి యంత్రమున సన్నని వడపోతలున్నచో వానిని తీసివేయవలయును. ఎండలోని అతినీలలోహిత కిరణములు నిమిషములలో పురుగును చంపును గనుక సాయంసమయమునగాని, మబ్బు పట్టిన వేళగాని పని జరుపుదురు. చల్లుటకు ముందు నేల తడిసియుండవలయును. తరువాత రెండు వారములు ఆరిపోకుండ చూడవలయును. నేల ఉష్ణోగ్రత 5 డిగ్రీలు దాటిన చాలును, పురుగు పనిచేయును. కీటకములను చంపు నులిపురుగులలో పెక్కింటికి ఇంత చల్లదనమున చేవ యుండదు. ఇది స్లగ్గు మేతకు వచ్చు చలికే తగినట్లు అలవడిన గుణము. ఒకమారు చల్లిన ఫలితము సుమారు ఆరు వారములు నిలుచును. బంగాళాదుంపకు త్రవ్వకమునకు ఆరేడు వారములు ముందుగా చల్లుట ఆచారము, దుంపలు ఊరు ఆ కాలముననే స్లగ్గులు వానిని తొలుచును గనుక. ధర విషపు గుళికలకన్న చాల ఎక్కువ. కావున గోధుమ చేలవరకు ఇది ప్రాకలేదు. లెట్యూసు, ఆస్పరాగసు, పూలమొక్కలు, పెరటితోటలు దీని రాజ్యము. మొక్కల వరుసల వెంబడి మాత్రమే పోసి ఖర్చు తగ్గించు ప్రయత్నములును జరిగినవి.

అన్ని నత్తలును దీనికి లోబడవు. బూడిదరంగు పొలపు స్లగ్గు ఏ వయసునందైనను సులభముగా చచ్చును. ఐరోపాను ముట్టడించిన స్పానిషు స్లగ్గు పిల్లతనమున మాత్రమే లోబడి, పెద్దదైన పిమ్మట తట్టుకొనును. మచ్చల చిరుతపులివంటి లైమాక్స్ మాక్సిమస్ అను మహాకాయమునకు దీనివలన భయమే లేదు. గుల్లగల నత్తలలో పెక్కు జాతులు ఆశ్చర్యకరమైన ఆత్మరక్షణను అలవరచుకొన్నవి. లోనికి చొరబడిన పురుగును నత్త కణములు చుట్టుముట్టి, గుల్ల లోపలితలమునకు అంటగట్టి, దానిపై గుల్లపదార్థమునే పొరలు పొరలుగా పూసి సమాధి చేయును. లివర్‌పూల్ జాన్ మూర్స్ విశ్వవిద్యాలయమునకు చెందిన రాబీ రే 2017లో ప్రకటించిన పరిశీలనలో, ప్రదర్శనశాలలలో ఏనాటినుండియో భద్రపరచిన గుల్లల లోపలిభాగమును సైతము చూడగా, అందు బిగిసిపోయిన పురుగులు స్పష్టముగా కనబడినవి. శత్రువునుండి దేహమును కాచుటకు పుట్టినదని మనము తలచు గుల్ల, శత్రువును లోపల బంధించు కారాగారముగను పనిచేయుచున్నది. గుల్ల పలుకగా కుంచించిన కొన్ని స్లగ్గులలోను ఈ శక్తి మిగిలియున్నది.

ఆ విశ్వవిద్యాలయపు బృందమే 2018లో మరియొక వింతను వెల్లడించినది. ఆరోగ్యముగనున్న స్లగ్గులు నులిపురుగులు చల్లిన నేలను పసిగట్టి తప్పుకొనును. వ్యాధి సోకిన స్లగ్గులు మాత్రము పురుగులున్న దిక్కునకే పోవుచుండెను. మెదడులో సెరొటోనిను అను రసాయనపు పనిని పెంచు ఔషధమును ఆరోగ్యవంతములైన స్లగ్గులకు తినిపించగా అవియు పురుగులవైపు మరలినవి. దానిని అణచు ఔషధమును వ్యాధిగ్రస్తములకు ఇయ్యగా అవి వెనుదిరిగినవి. పరాన్నజీవి ఆతిథేయి బుద్ధిని మార్చి తన సంతతికి మేతగా నడిపించుకొనునను ఊహకు ఇది బలమైన ఆధారము. సాధారణ స్లగ్గులు తప్పుకొనుట మాత్రము తోటమాలికి లాభమే. పురుగు చల్లిన మడిలోనికి అవి రావు.

ఇతర ప్రాణులకు దీనివలన కలుగు హాని స్వల్పము. మానవుని దేహోష్ణమున ఇది బ్రదుకదు, పక్షులకును పెంపుడు జంతువులకును అపాయము లేదు, వానపాములను బాధింపదు. అయినను ప్రయోగశాలలో కొన్ని మంచినీటి నత్తలు దీనికి లొంగినందున చెరువుగట్లచెంత జాగ్రత్త మేలు. ఎలుకల ఊపిరితిత్తులలో పెరిగి, నత్తలద్వారా మానవునకు సోకి మెదడుపొరల వాపు కలిగించు ఆంజియోస్ట్రాంగైలస్ అను నులిపురుగు వేరొక జాతి. ఆ రెంటిని ఒకటిగా భావింపరాదు. అమెరికాలో ఈ పురుగు అమ్మకమునకు అనుమతి లేకుండెను, పరదేశపు ప్రాణిని నేలలో విడుచుటకు అచ్చటి శాసనములు సులభముగా ఒప్పుకొనవు గనుక. అయితే 2014లో కాలిఫోర్నియాలోని స్లగ్గులయందే ఇది కనబడినది. ఆ గాలింపుల ఫలముగా 2016లో ఫాస్మరాబ్డైటిస్ కాలిఫోర్నికా అను క్రొత్తజాతియు నామకరణము పొందెను. 2022లో బ్రిటనులోని నీమాస్లగ్ ఉత్పత్తిదారులు తమ పొట్లములలో పాతజాతి స్థానమున ఆ కాలిఫోర్నికాను ప్రవేశపెట్టిరి.

తెలుగునేలపై ఈ పురుగును దింపవచ్చునా యని అడుగువారికి రెండు సంగతులు చెప్పవలసియున్నది. మొదటిది ఉష్ణము: నేల 25 డిగ్రీలు దాటినకొలది దీని శక్తి సన్నగిల్లును, మన మాగాణులలో వానకాలపు రాత్రులు సైతము అంతకన్న వెచ్చగా నుండును. రెండవది శత్రువు: మన బొప్పాయి, అరటి, కూరగాయల తోటలను పాడుచేయునది పొలపు స్లగ్గు గాదు, పిడికిలంత గుల్ల మోయు ఆఫ్రికా నత్త. 1847లో విలియం బెన్సన్ అను ఆంగ్లేయుడు మారిషస్ దీవినుండి తెచ్చి కలకత్తాలోని తోటలో విడిచిన నత్తల సంతతియే నేడు దేశమంతట వ్యాపించినది. ఆ నత్తపై ఫాస్మరాబ్డైటిస్‌ను అపారసంఖ్యలో ప్రయోగించి చూడగా, అది పురుగులను తన గుల్లలోనికి అంటించుకొని నిర్విచారముగ బ్రదికినట్లు 2015లో తేలినది. దక్షిణభారతపు వేడికి తట్టుకొను నులిపురుగులు లేకపోలేదు. కోయంబత్తూరు మట్టినుండి లభించి 1992లో నామకరణము పొందిన హెటరోరాబ్డైటిస్ ఇండికా అట్టిది, వేరుపురుగులపై దాని వాడుక బెంగుళూరులోని జాతీయ సంస్థచే వృద్ధిపొందినది. అది కీటకముల పాలిటిదే గాని నత్తల పాలిటిది గాదు. అందుచేత మన బొప్పాయి తోటలలో నేటికిని సాగుచున్నది పాతపద్ధతియే. తడిపిన గోనెసంచులను, క్యాబేజీ ఆకులను, బొప్పాయి ఆకులను సందెవేళ చెట్ల మొదళ్ళ పరచుదురు. తెల్లవారుజామున ఎండ పొడుచుటకు ముందే వచ్చి సంచి అంచు పైకెత్తగా, చల్లదనమునకు గుమిగూడి గుల్లలు గుల్లలకు తాకుచు దాగియున్న నత్తలు బయటపడును. వానిని ఏరి, చిక్కని ఉప్పునీరు పోసిన బకెట్టులో వేయుదురు.